బెత్తెడు కుట్టు ఎవరిది?

దొమ్నికకు ఒక జబ్బుంది. వంకర కుట్టు కంటబడితే ఇక ఊరుకోలేదు. అది తనదా, ఊళ్ళోవాళ్ళదా అన్నది లెక్కే లేదు. చర్చిలో ముందు నిలబడ్డావిడ మెడపట్టీ ఒక పక్కకు లాగి ఉందంటే చాలు, సగం ప్రార్థన దాని మీదే పోతుంది. దేవుడు కూడా పాపం అలవాటుపడిపోయి ఉంటాడు.

ఈ జబ్బు చిన్నప్పటిదేం కాదు. నలభై దాటాక పట్టుకుంది. బస్టాండులో టికెట్లిచ్చే ఉద్యోగం, బస్సుకూ బస్సుకూ మధ్య గంటల తరబడి ఖాళీ. ఆ ఖాళీలో సూది పట్టింది. మొదట కుట్టింది పక్కింటి కసాంద్రకు, తన పేరున్న పునీతురాలి రోజున చేసుకునే పేరు పండగకు, వంట ఆప్రాను. కట్టుకునే తాళ్ళు లోపలి వైపు కుట్టేసింది. కసాంద్ర దాన్ని నడుముకు కట్టుకోవాలని గిరగిరా తిరిగి, చివరికి "ఇది నాకు కుట్టావా, నా నీడకు కుట్టావా?" అని పడీపడీ నవ్వింది. ఆ నవ్వునంతా ఫోనులో తీసి దొమ్నిక అందరికీ కనబడేలా పెట్టింది. తాళ్ళు ఎలా విప్పిందో, మళ్ళీ ఎలా కుట్టిందో కూడా చూపించింది. అలా మొదలైంది ఆమె పేజీ. పేరు 'విప్పి కుట్టు'. బాగా కుట్టేవాళ్ళు వాళ్ళ బుకొవినా ప్రాంతంలో వీధికి పదిమంది. తాము చేసిన తప్పును వెలుతురులో పట్టి చూపించేవాళ్ళు ఎందరు? అందుకే జనం ఎగబడ్డారు. లావెండర్ పూలు కూరిన సంచులు, రొట్టెబుట్ట మీద కప్పే గుడ్డలు, పసిపిల్లల టోపీలు, ఎవరింట్లో పేరు పండగొచ్చినా దొమ్నిక చేతి బహుమతి వెళ్ళాల్సిందే. అది ఎన్నిసార్లు పాడై బాగుపడిందో పేజీలో ఉండాల్సిందే.

ఈసారి తలపెట్టిన పని మాత్రం వేరు. అమ్మ రవెకా వేసుకున్న పండగ చొక్కాకు అచ్చు నకలు కుట్టాలి. నార బట్ట మీద పోగులు లెక్కపెట్టి, భుజాల నిండా ఎర్రటి, నల్లటి ఇంటూ కుట్లు వేసిన చొక్కా అది. కుట్టేది అక్క కోసం.

అక్క జంఫీరా తనకంటే పదేళ్ళు పెద్దది, ఉండేది పక్క ఊళ్ళోనే. అమ్మ తను బతికుండగానే ఒక ఈస్టరు నాడు, ఇంటిల్లిపాదీ చూస్తుండగా ఆ చొక్కా తీసి దొమ్నిక ఒళ్ళో పెట్టింది. ఆ పూటతో అక్కకూ తనకూ మాట ఆగిపోయింది. అమ్మ పోయినా మళ్ళీ మొదలు కాలేదు. ఎదురుపడితే తల ఊపుతుంది, అంతే. ఒక చొక్కా కోసం తోడబుట్టినదాన్ని వదులుకుంటుందా మనిషి? దొమ్నికకు మొదట కోపమొచ్చింది, తర్వాత ఏడుపొచ్చింది, ఇప్పుడు వయసు మీదపడుతుంటే భయమేస్తోంది. అక్కకు అరవై నిండుతున్నాయి. ఆ పుట్టినరోజుకు ఏది అసలో ఏది నకలో తెలియకుండా చొక్కా కుట్టి చేతిలో పెడితే, అప్పుడైనా కరగదా అని ఆశ.

అలా కుట్టడానికి అసలు చొక్కాను కిటికీ దగ్గర పరిచి, పోగు పోగూ చూస్తుండగా దొరికింది. కుడి భుజం మీద బెత్తెడు మేర కుట్టు వేరేగా మెరుస్తోంది. అదే ఎరుపు, అదే నలుపు, అదే గళ్ళ ముగ్గు. చేత్తో తడిమితే తేడా లేదు. వెలుతురు పక్కనుంచి పడితే మాత్రం మిగతా భుజమంతా ఒక తీరు, ఆ బెత్తెడూ ఒక తీరు.

"దారం చాలక వేరే దారం తెచ్చి ఉంటుందిలే మీ అమ్మ," అంది కసాంద్ర, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ.

"వేరే దారమైతే ఉతికేకొద్దీ వేరేగా వెలిసిపోదూ? చూడు, రెండూ ఒక్కలాగే వెలిశాయి."

"అయితే దిష్టికి పెట్టుంటుంది. మా నాయనమ్మ కూడా ఏ చొక్కా కుట్టినా ఎక్కడో ఒకచోట కావాలని వంకర పెట్టేది. తప్పు లేకుండా చేసేది దేవుడొక్కడే అనేది."

ఈ మాట దొమ్నికకు తెగ నచ్చేసింది. నచ్చిన మాటను నిజమనుకోవడానికి మనిషికి ఎంతసేపు పడుతుంది? ఆ సాయంత్రమే కసాంద్ర ఫోను పట్టుకుంటే, చొక్కాను అటూ ఇటూ తిప్పి చూపిస్తూ, "ఇది మా అమ్మ కావాలని వదిలిన గుర్తు. ఎంత పని వచ్చినా పొగరు ఉండకూడదని," అని చెప్పింది. పేజీ పుట్టాక అంతమంది చూసింది మరొకటి లేదు. యాషీ పట్నం నుంచి ఒకావిడ ఏడ్చానని రాసింది. స్పెయిన్‌లో స్ట్రాబెర్రీ తోటల్లో పనికెళ్ళినావిడ తన కూతురి చొక్కా మీద కూడా ఆ బెత్తెడు గుర్తు కుడుతున్నానంది. ఆ వారమంతా దొమ్నిక టికెట్లు ఇస్తూ కూడా తనలో తనే ముసిముసిగా నవ్వుకుంది.

ఆదివారం చర్చి బయట కొవ్వొత్తులు వెలిగించే చోట జంఫీరా ఎదురైంది. ఎప్పటిలా తల ఊపి వెళ్ళిపోతుందనుకుంటే, ఆగింది.

"చూశాలే నీ పేజీ," అంది. "అమ్మ కావాలని పెట్టిన గుర్తా? నీకెవరు చెప్పారే?"

దొమ్నిక నోరు తెరిచేలోగా వెళ్ళిపోయింది. ఇన్నేళ్ళ తర్వాత అక్క నోటి నుంచి వచ్చిన మొదటి మాట. సంతోషపడాలో, చెంపదెబ్బ తిన్నట్టు బాధపడాలో తెలియక అలాగే నిలబడిపోయింది. కొవ్వొత్తి మైనం వేళ్ళ మీద పడి చురుక్కుమంటే గాని ఈ లోకంలోకి రాలేదు.

నిజమే కదా, తనకెవరు చెప్పారు? ఎవరూ చెప్పలేదు. కసాంద్ర వాళ్ళ నాయనమ్మ సంగతిని తెచ్చి తన అమ్మ భుజం మీద అతికించింది. ఇక ఆ బెత్తెడు కుట్టు చెవిలో జోరీగైపోయింది. అక్కకు ఏదో తెలుసు. వెళ్ళి అడిగితే చెబుతుందా? తలుపు మొహం మీద వేస్తే? ఏమీ తెలియకుండా ఎలా వెళ్ళడం? ముందు కుట్టునే అడగాలి అనుకుంది.

భూతద్దం పెట్టి చూసింది. ఇంటూ కుట్టంటే రెండు గీతలు, ఒకదాని మీద ఒకటి. చొక్కా మొత్తం మీద పై గీత కుడివైపు వాలి ఉంది. ఆ బెత్తెడులో మాత్రం ఎడమవైపు వాలి ఉంది. మెరుపులో తేడా అందుకే. కారణం చిన్నదే, కాని ఎందుకలా వాలినట్టు?

"బట్ట తలకిందులుగా పట్టుకుని కుట్టుంటుంది," అంది కసాంద్ర.

దొమ్నిక ఒక గుడ్డముక్క తీసుకుని తలకిందులుగా కుట్టి చూసింది. ఊహూ. ఎటు తిప్పినా గీత అదే వైపు వాలుతోంది. అడ్డంగా తిప్పి కుట్టింది. ఈసారి వాలింది! కసాంద్ర చప్పట్లు కొట్టింది. దొమ్నిక గుడ్డ వెనక్కి తిప్పి చూసి నిట్టూర్చింది. అడ్డంగా కుడితే వెనక దారాలు పడుకుంటున్నాయి. అమ్మ చొక్కా వెనక ఆ బెత్తెడులో కూడా దారాలు నిటారుగానే నిలబడి ఉన్నాయి.

"అమ్మా తల్లీ, వదిలెయ్యవే," అంది కసాంద్ర. "గీత ఎటు వాలితే ఏం, కొంపలేమన్నా మునుగుతాయా?"

"మా అక్క మాట్లాడిందే! ఆ బెత్తెడు గురించి మాట్లాడింది!"

కసాంద్ర గింజల పొట్లం దొమ్నిక వైపు జరిపింది.

సంగతి తేలింది మాత్రం ఫోను పుణ్యాన. ఆ రోజు కసాంద్ర పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళింది, ఫోను పట్టుకునే దిక్కులేదు. దొమ్నిక ఊరగాయ సీసాకు ఫోనును ఆనించి, తెర తనవైపు ఉండేలా పెట్టుకుని, ఓడిపోయిన ప్రయత్నాలన్నీ చూపిద్దామని కుట్టడం మొదలుపెట్టింది. మధ్యలో తల ఎత్తి తెర వైపు చూసింది. చూసి, సూది అలాగే పట్టుకుని ఉండిపోయింది. అద్దంలోలా ఆ తెరలో అంతా తారుమారుగా కనబడుతోంది. అందులో ఉన్న దొమ్నిక ఎడమచేత్తో కుడుతోంది. ఆ దొమ్నిక కుట్టిన ఇంటూల పై గీతలు అచ్చం ఆ బెత్తెడులోలా ఎడమకు వాలి ఉన్నాయి.

"ఓరి నాయనో! పుర్రచెయ్యి!" అని గట్టిగా అరిచింది. ఇంట్లో వినేవాళ్ళెవరూ లేరు.

నమ్మకం కుదరక సూది ఎడమచేతికి మార్చి కుట్టింది. తల ప్రాణం తోకకొచ్చింది. వేలు రెండుసార్లు పొడుచుకుంది, గుడ్డకు రక్తం అంటింది. కుట్లు తాగినవాడి నడకలా ఉన్నాయి. అయినా గీత ఎడమకే వాలింది, వెనక దారాలు నిటారుగానే నిలిచాయి. సందేహం లేదు. ఆ బెత్తెడు కుట్టింది అమ్మ కాదు. అమ్మ పిండి కలిపినా, సిలువ గుర్తు వేసుకున్నా, చెవి మెలిపెట్టినా కుడిచేత్తోనే. చెవి సంగతి దొమ్నికకు బాగానే గుర్తుంది.

ఆ ఇంట్లో పుర్రచేతివాటం ఒక్కరికే ఉంది. భోజనాల దగ్గర చెంచా ఎడమచేత్తో పట్టుకుంటే అమ్మ కళ్ళెర్రజేసేది ఎవరిని? బడిలో ఎడమచెయ్యి వెనక్కి కట్టి రాయించింది ఎవరిచేత? సూది పట్టమంటే "నాకు రాదు" అని లేచి వెళ్ళిపోయేది ఎవరు? దొమ్నిక కుర్చీలో కూలబడింది. చొక్కా తనకిచ్చిన రోజు తను అందరి ముందూ మురిసిపోతూ అన్న మాట అప్పుడు గుర్తొచ్చింది. "ప్రతి కుట్టూ మా అమ్మ చేతిదే!" అంది. అక్క అక్కడే ఉంది.

మర్నాడే బస్సెక్కింది. సంచిలో అసలు చొక్కా, సగమయిన నకలు. నకలులో ఆ బెత్తెడు మేర ఖాళీగా వదిలేసింది.

గేటు తీసింది బావ తోదెర్. "ఏం మరదలా, దారి తప్పావా?" అన్నాడు. ఆమె మొహం చూసి హాస్యం చాలించి, "లోపలుంది, వెళ్ళు. కాస్త చూసుకుని మాట్లాడు, పొద్దున్నుంచీ ఉల్లిపాయలు తరుగుతూ చిటపటలాడుతోంది," అని తను కొట్టం వైపు వెళ్ళిపోయాడు.

జంఫీరా వంటింట్లో కాబేజీ ఆకుల్లో మాంసం కూరి పొట్లాలు చుడుతోంది. చుట్టేది ఎడమచేత్తోనే. చెల్లెల్ని చూసి చెయ్యి ఆపలేదు, కూర్చోమనీ అనలేదు. దొమ్నిక చొక్కా తీసి బల్ల మీద శుభ్రంగా ఉన్న చోట పరిచి, కుడి భుజం మీద వేలు పెట్టింది.

"అక్కా, ఇది ఎవరు కుట్టారు?"

"ఊరంతటికీ నువ్వే చెప్పావుగా."

"తెలియక వాగాను. ఇప్పుడు అడుగుతున్నా."

జంఫీరా ఇంకో పొట్లం చుట్టి గిన్నెలో పెట్టింది. చేతులు కడుక్కుంది. తుడుచుకుంది. అప్పుడు వచ్చి కూర్చుంది.

"నువ్వు పుట్టినప్పుడు," అంది. "నీ బాప్తిస్మానికి వేసుకోవాలని అమ్మ ఈ చొక్కా మొదలెట్టింది. నీకేమో తొందరెక్కువ, ముందే పుట్టేశావు. బాలింత సూది పట్టకూడదు కదా. నాయనమ్మ గుమ్మంలో కాపలా కూర్చుంది, పట్టనివ్వలేదు. అమ్మ మంచం మీద పడుకుని ఆ చొక్కా వైపే చూస్తుండేది. పాత చొక్కాతో వెళ్తే మన మేనత్తలు నవ్వుతారని ఏడుపు. నాకు చూడబుద్ధి కాలేదు. అటక మీదకెళ్ళి కూర్చుని కుట్టేశా. ఎవరూ నేర్పలేదు. ఉన్న కుట్టు చూసి కుట్టా."

"అమ్మ ఏమంది?"

"ఏమంటుంది? చేతిలోకి తీసుకుని చూసింది, చాలాసేపు. 'ఎవరికీ చెప్పకు' అంది. బాప్తిస్మానికి వేసుకుంది, భుజం మీద శాలువా కప్పుకుంది. ఆ తర్వాత ఎప్పుడేసుకున్నా శాలువానే. మండుటెండల్లో కూడా. పుర్రచేతి కుట్టు అని నలుగురూ కనిపెడతారని సిగ్గు. ఇక నేను సూది ముట్టుకుంటే ఒట్టు."

జంఫీరా ఊరుకోలేదు, ఇన్నేళ్ళదీ ఒక్కసారే వస్తోంది.

"నీకిచ్చిన రోజు నువ్వన్నావు చూడు, ప్రతి కుట్టూ అమ్మ చేతిదే అని. అమ్మ వైపు చూశానే. ఇప్పుడైనా ఒక్క మాట, ఒక్కటంటే ఒక్క మాట అంటుందేమోనని. దర్జాగా కేకు నములుతూ కూర్చుంది మహాతల్లి!"

"అంటే నీకు... చొక్కా కాదా కావల్సింది?"

"చొక్కా ఎవడిక్కావాలే! బీరువా నిండా ఉన్నాయి, చెదలకు పెడుతున్నా."

దొమ్నిక కళ్ళు తుడుచుకుంది. తర్వాత చొక్కాను లోపలి వైపుకు తిప్పింది. ఓదార్చడం ఆమెకు పెద్దగా చేతకాదు. కుట్టు చదవడం మాత్రం చేతనవును.

"ఇటు చూడక్కా. ఇదిగో ఇక్కడ పోగులు జరిగి ఉన్నాయి, అంటే ఇక్కడ విప్పి కుట్టింది అమ్మ. ఇక్కడా విప్పింది. ఈ అంచంతా విప్పింది, రంధ్రాలు చూడు. నా జీవితమంతా విప్పడమే కదా, నాకు తెలుసు. ఒక్క పోగు తప్పినా వరస మొత్తం పీకేసే మనిషి అమ్మ." కళ్ళజోడు తీసి అక్క చేతిలో పెట్టింది. "ఇప్పుడు నీ బెత్తెడు చూడు."

జంఫీరా కళ్ళజోడు పెట్టుకుని వంగింది. చాలాసేపు చూసింది.

"ఏముంది? ఏమీ లేదు," అంది.

"అదే. ఏమీ లేదు. ఒక్క కుట్టు కూడా విప్పలేదు. బాలింతతనం అయిపోయాక సూది పట్టుకోవచ్చుగా? పీకేసి తనే కుట్టుకోవచ్చుగా? ఒక్క సాయంత్రం పని. అమ్మ ముసలిదయ్యేదాకా ఈ చొక్కా తన దగ్గరే ఉంది కదక్కా. శాలువా ఎందుకు కప్పుకుందో నాకు తెలీదు. సిగ్గుపడే ఉంటుంది, కాదనను. అడుగుదామంటే మనిషి లేదు. ఈసారి నేను కట్టుకథలు అల్లను. కాని విప్పలేదు. అది మాత్రం నీ కళ్ళతో నువ్వే చూస్తున్నావు."

జంఫీరా వేలితో ఆ ఎర్రటి గళ్ళ మీద మెల్లిగా రాసింది, ఇటు నుంచి అటు, అటు నుంచి ఇటు. కళ్ళజోడు తీసేసింది. తర్వాత అరవయ్యేళ్ళ మనిషి, ఊళ్ళో అందరి నోళ్ళూ మూయించే మనిషి, బల్ల మీద తల పెట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. దొమ్నిక వెళ్ళి వీపు మీద చెయ్యి వేసింది. తోదెర్ గుమ్మం దాకా వచ్చి, చూసి, చప్పుడు చెయ్యకుండా వెనక్కి వెళ్ళిపోయాడు.

"పేజీలో చెప్తానక్కా," అంది దొమ్నిక కొంతసేపటికి. "అమ్మ పెట్టిన గుర్తు కాదు, నా తెలివితక్కువతనం అని."

"చెప్తే పేరు పెట్టి చెప్పు. మా అక్క అంటే ఎవరికి తెలుస్తుంది? జంఫీరా అని చెప్పు," అంటూ ముక్కు చీదుకుంది అక్క. అప్పుడు సంచి లోంచి తొంగి చూస్తున్న తెల్ల బట్ట మీద ఆమె చూపు పడింది. "అదేంటి?"

దొమ్నిక నకలు తీసి అక్క ఒళ్ళో పెట్టింది. "నీ అరవయ్యో పుట్టినరోజుకు. ఇంకా అవ్వలేదు. అసలుది నువ్వే ఉంచుకో, ఇది నాకుంటుంది. నీ హక్కు అది."

జంఫీరా రెండు చొక్కాలూ పక్కపక్కన పెట్టుకుని చూసింది. పాతదాన్ని జాగ్రత్తగా మడిచి చెల్లెలి వైపు నెట్టింది. "హక్కుల మాటలు నా దగ్గర చెప్పకు. ఇది నీ బాప్తిస్మం కోసం కుట్టింది. నీదే. నువ్వు నాకోసం కుట్టింది నాకియ్యి, చాలు." కొత్తదాని కుడి భుజం మీద వేలు ఆగింది. "మరి ఇదెందుకు ఖాళీగా ఉంచావు?"

"ఎడమచేత్తో నేర్చుకుంటున్నానక్కా. నీలాగే కుట్టాలని. ఇంకా వంకరగా వస్తోంది. కాస్త నువ్వు చూపిస్తే, అచ్చం నీ కుట్టే..."

"నా కుట్టు నాకెందుకే, పిచ్చిమొహమా!" అంది జంఫీరా. కుర్చీ దగ్గరికి లాక్కుని, చొక్కాను చెల్లెలి ఒళ్ళో పరిచింది. "నీ చేత్తో కుట్టు. నాకు నీది కావాలి."

దొమ్నిక సూదిలో ఎర్రదారం ఎక్కించి, సూదిని కుడిచేతికి మార్చుకుని, పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది.